జవాబులు ఏడో పేజీలో

మా ఆయన ఉద్యోగం నుంచి దిగిపోయి కల్లూరులోని ఈ ఇంట్లో కుదురుగా కూర్చున్నప్పటి నుంచి నాకు పట్టుకున్న పీడ ఏమిటంటే, పొద్దున్నే కాఫీ గ్లాసు ఆయన చేతికి అందీ అందకముందే ఒక ప్రశ్న వచ్చి నా నెత్తిన పడుతుంది. సినిమా రీలు నిమిషానికి ఎన్ని అడుగులు నడుస్తుంది, ఉత్పలమాలకు యతి ఎన్నో అక్షరం, ఖోఖోలో ఒక జట్టుకు ఎంతమంది, తేనెటీగకు కళ్ళెన్ని. నేను ఒక చేత్తో దోసె తిప్పుతూ ఇంకో చేత్తో పొంగుతున్న పాలు దించుకుంటూ ఉంటే, ఆయన వంటింటి గడపలో నిలబడి వీధంతా వినబడేలా అడుగుతాడు. ఇంతగా అడిగాడు కదా, పోనీ ఆలోచిద్దామని నేను నోరు తెరిచేలోపల ఆయనే జవాబు చెప్పేస్తాడు. అడగడమెందుకు, చెప్పడమెందుకు, మధ్యలో నన్ను నిలబెట్టడమెందుకు అని ఎన్నిసార్లు మొత్తుకున్నా ఆ చెవికి ఎక్కదు.

దీనికంతా కారణం ఫోనులోని ఒక గుంపు. కర్నూలు నుంచి కడప దాకా ఆయనలాగే ఇంట్లో ఖాళీగా ఉన్న పెద్దమనుషులందరూ అందులో చేరారు. రోజుకు సినిమా మీద ఒకటి, సాహిత్యం మీద ఒకటి, ఆటల మీద ఒకటి, చెట్టూ పిట్టా మీద ఒకటి ప్రశ్నలు వేసుకుంటారు. ఫోనులో వచ్చిన ప్రశ్నకు ఫోనులోనే జవాబు వెతికి ఫోనులోనే పెట్టి, ఒకరికొకరు చప్పట్లూ దండలూ పంపుకుంటారు. ఎవరికీ తెలిసిందీ లేదు, ఎవరూ ఆలోచించిందీ లేదు. ఇందులో మీ గొప్పేముందని అడిగితే, నీకు అర్థం కాదులే అంటాడు. నాకు అర్థం కాకపోవడమా? ప్రశ్నల కొంపలో పుట్టి, ప్రశ్నల మధ్య పెరిగి, ఒక ప్రశ్న పుణ్యమా అని పెళ్ళి చేసుకున్నదాన్ని నేను.

మొన్న ఆదివారం సంగతి చెబుతాను. కడప నుంచి మా కూతురు బిడ్డ సెలవులకు వచ్చింది. కాలేజీ చదివే పిల్ల. తాత ఏది అడిగినా చెబుతుండటం చూసి మురిసిపోయి, తాతా, నీకు తెలీనిది ఏమన్నా ఉందా అని అడిగింది. ఆయన మీసం మీద చెయ్యి వేసుకొని నవ్వుతున్నాడు. నా దోసె మాడిపోతోంది. ఆ మంటలో నోరు జారి, ఎందుకు లేదే, ఒకటుంది, బట్టమేక పిట్ట ఒక తడవకు ఎన్ని గుడ్లు పెడుతుందో అడుగు మీ తాతను అన్నాను.

ఆయన మీసం మీది చెయ్యి దించాడు. ఫోను బల్ల మీద పెట్టాడు. నా వైపు ఎట్లా చూశాడంటే, పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఉప్పు ఎక్కువైన రోజున కూడా అట్లా చూడలేదు. పిల్లకేం తెలుసు పాపం, చటుక్కున ఆ ఫోను తీసి అక్షరాలు కొట్టడం మొదలుపెట్టింది. ఆ ప్రశ్న ఎక్కడిదో, దాన్ని మా ఇంట్లో ఎవరూ ఎందుకు ఫోనును అడగరో చెప్పాలంటే నేను నందికొట్కూరులోని మా నాయన అంగడి దగ్గర మొదలుపెట్టాలి.

మా నాయనకు ఊరి బయట కొంత మెట్ట చేను ఉండేది. దాన్ని కోరుకు, అంటే పంటలో వాటాకు ఇచ్చి, బజారులో కిరాణా అంగడి పెట్టాడు. ఆ రోజుల్లో ప్లాస్టిక్ సంచులు లేవు, మన వయసువాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు, జీలకర్రయినా చింతపండయినా కాగితంలో పోసి, నాలుగు మూలలూ మడిచి, పైనుంచి వేలాడే దారపు ఉండతో చుట్టి, పుటుక్కున తెంపి చేతిలో పెట్టేవాళ్ళు. ఆ కాగితాల కోసం నాయన కర్నూలు నుంచి పాత పేపర్లు కట్టలు కట్టలు తెప్పించేవాడు. తెప్పించిన రోజే కట్ట మొత్తం పెద్ద చాకుతో పొట్లాల కొలతకు కోసి పేర్చేసేవాడు. ఆ తర్వాత, బేరాలు లేని మధ్యాహ్నాల్లో, గల్లాపెట్టె మీద మోచేతులు ఆనించి ఆ ముక్కలు ఒక్కొక్కటే తీసి చదివేవాడు.

అయిదో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి. ఆ ముక్కల్లో ఆయనకు ప్రాణమైనది ఆదివారం పేపర్లో వచ్చే ప్రశ్నల శీర్షిక. సినిమా, సాహిత్యం, ఆటలు, ప్రకృతి అని నాలుగు గడులు గీసి, ఒక్కో గడిలో కొన్ని ప్రశ్నలు వేసి, అడుగున చిన్న అక్షరాలతో జవాబులు ఏడో పేజీలో అని రాసేవాళ్ళు. ఏడో పేజీ ఎక్కడుంటుంది? అది ఆపాటికే ఎవరింటి ధనియాలకో చుట్టుకొని వెళ్ళిపోయి ఉంటుంది. మా అమ్మ ఎన్నోసార్లు నెత్తి కొట్టుకొని, కోసేముందు చదివితే నీ సొమ్మేం పోతాది అని అడిగింది. కోసేటప్పుడు వ్యాపారం, చదివేటప్పుడు చదువు, రెండూ కలపకూడదని ఆయన సమాధానం. ఇట్లాంటి సమాధానానికి ఇంకో మాట అనగలిగిన మనిషి ఎవరన్నా ఉంటే చూపించండి.

ఆ విధంగా మా నాయన తలనిండా ప్రశ్నలే, జవాబు ఒక్కటి లేదు. కొనడానికి వచ్చినవాళ్ళను వదిలేవాడు కాదు. బెల్లం తూస్తూ, హాకీ కర్ర ఒక పక్క మాత్రమే చదునుగా ఎందుకుంటుందప్పా అని అడిగేవాడు. పొట్లం చేతికిస్తూ, ఇంటికిబోయి విప్పినాక కాగితం పారెయ్యద్దు, ఏడో పేజీ అయితే తెచ్చియ్యి అని బతిమాలేవాడు. కొందరు పుణ్యాత్ములు నిజంగానే తెచ్చేవాళ్ళు, కారప్పొడి అంటిన కాగితాలు, నూనె మరకల కాగితాలు. వాటిని తలకిందులు చేసి, ఎండకు పెట్టి చూసి, ఇది పోయిన్నెల ఏడో పేజీ అని ఉసూరుమనేవాడు. ఆ కారం కళ్ళలో పడి మేమంతా తుమ్ముతూ ఉండేవాళ్ళం.

ఇంతవరకు బాగానే ఉంది. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఆయన తెలియక అడుగుతున్నాడని లోకం అనుకోలేదు. తెలిసినవాడు ఎందుకు అడుగుతాడని మా నాయన లెక్క, తెలియనివాడు ఎట్లా అడుగుతాడని ఊరివాళ్ళ లెక్క. అంగడాయన మహా జ్ఞాని, మనల్ని పరీక్షిస్తాండాడు అని పేరు పడిపోయింది. కొందరు దండం పెట్టేవాళ్ళు, కొందరు ఆ అంగడి ముందు నడవడానికే భయపడి సందు తిరిగి పోయేవాళ్ళు. ఆ సంగతి మా నాయనకు ఎప్పుడూ తెలియలేదు. తెలిసిన మా అమ్మ చెప్పబోయినా ఆయన నమ్మక, తానే కుంగిపోయింది.

నాకు పెళ్ళీడు వచ్చాక ఆ పేరు ఎంత పని చేసిందో చూడండి. మొదటి సంబంధం ఆత్మకూరు వైపు నుంచి వచ్చింది, టూరింగ్ టాకీసు నడిపేవాళ్ళు. పెళ్ళికొడుకు పకోడీ నోట్లో పెట్టుకున్నాడో లేదో మా నాయన ముందుకు జరిగి, రీలు నిమిషానికి ఎన్ని అడుగులు నడుస్తుందో మీకయితే తెలిసుంటాది అని ఆశగా అడిగాడు. ఆ అబ్బాయికి తెలియలేదు. సొంత వ్యాపారం గురించి తెలియదా అని పదిమందిలో పరువు తీశారని వాళ్ళు అలిగి వెళ్ళిపోయారు. రెండో ఆయన తెలుగు పంతులు. శతకమంటే నూరు కదా, మరి నూటెనిమిది పద్యాలు ఎందుకు రాస్తారు అని అడిగాడు మా నాయన, అది సాహిత్యం గడిలోది. ఆయన గంట సేపు ఏదో చెప్పి, చెప్పిందే మళ్ళీ చెప్పి, చివరికి చెమటలు తుడుచుకుంటూ లేచాడు. మళ్ళీ కబురు లేదు. నందికొట్కూరు అంగడాయన కూతుర్ని చూడబోతే పరీక్ష రాయాలంట అని చుట్టుపక్కల పాకిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయేది. ఆడపిల్లను చూడ్డానికి వచ్చినవాళ్ళు పిల్లను చూడకుండా నాయనను చూసి పారిపోతుంటే మండదా?

మూడో సంబంధం కడప జిల్లా నుంచి వచ్చింది. మైదుకూరు పక్కన పసుపు పండించే రైతు కొడుకు, కర్నూలులో కాలువల ఆఫీసులో గుమాస్తా. ఈ సంబంధం నాకు కావాలి. ఇన్నేళ్ళ తర్వాత చెప్పుకోవడానికి సిగ్గేముంది, ఆ పిల్లవాణ్ణి నేను అంతకుముందే చూశాను. కడపలో మా పెద్దమ్మ కూతురి పెళ్ళిలో, బంతిలో కూర్చొని తెలియక గుంటూరు మిరపకాయ పచ్చడి నోట్లో పెట్టుకొని నేను కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే, ఏమైంది, ఎందుకైంది అని ఒక్క మాట అడగకుండా ఒక మనిషి చెంబుతో మజ్జిగ తెచ్చి పోసి వెళ్ళిపోయాడు. ఏమీ అడగకుండా! ప్రశ్నల ఇంట్లో పుట్టినదానికి అంతకంటే ఏం కావాలి? ఆ పిల్లవాడే నన్ను చూడ్డానికి వస్తున్నాడని తెలిసినప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు, మా నాయన నోరు తెరిస్తే ఇదీ పోతుందని.

సరిగ్గా ఆ వారంలోనే ఆయనకు బట్టమేక పిట్ట ప్రశ్న దొరికింది. ప్రకృతి గడిలోది. దాని జవాబు కోసం ఆయన తల్లడిల్లిపోయాడు, ఎందుకంటే ఆ పిట్ట మాకు పరాయిది కాదు. మా ఊరికి కొంత దూరంలో రోళ్ళపాడు గడ్డి బీళ్ళలో తిరుగుతుందని, దాన్ని చూడ్డానికి ఎక్కడెక్కడి వాళ్ళో వస్తున్నారని అప్పుడప్పుడే చెప్పుకుంటున్నారు. మన పిట్ట సంగతి మనకే తెలీకపోతే ఎట్లా అని ఆయన బాధ. ఆ దారిన వచ్చిన గొర్రెలవాళ్ళను అడిగితే ఒకరు రెండన్నారు, ఒకరు నాలుగన్నారు, ఒకరు దాన్నెవరు చూసినారు పోప్పా అన్నారు. ఇంట్లో అన్నం దగ్గర అదే, నీళ్ళ దగ్గర అదే. వినీ వినీ నిద్రలో కూడా నాకు గుడ్లే కనిపించేవి.

పెళ్ళిచూపుల రోజున మా అమ్మ తెగించింది. నాయన చెయ్యి పట్టుకొని తన తల మీద పెట్టించుకొని, వాళ్ళు పోయేదాకా ఒక్క ప్రశ్న కూడా అడగనని ఒట్టు వేయించింది. అంతటితో ఊరుకోకుండా, నోరు ఖాళీగా ఉంటే ప్రమాదమని ఆకూవక్కా దట్టించి కూర్చోబెట్టింది. నేను గది తలుపు వెనక పరదా సందులోంచి చూస్తున్నాను. మజ్జిగ పోసిన పిల్లవాడు తెల్లచొక్కా వేసుకొని వచ్చి, చాప మీద పరీక్ష హాల్లో కూర్చున్నట్టు నిటారుగా కూర్చున్నాడు.

వాళ్ళు ఫలహారం తిన్నారు. కాఫీ తాగారు. వానల గురించి పెళ్ళికొడుకు నాయన మాట్లాడాడు, పసుపు ధర గురించి మాట్లాడాడు. మా నాయన ఆకు నములుతూ తల ఊపుతాడే తప్ప ఉలకడు, పలకడు. పెళ్ళికొడుకు మా నాయన వైపు చూస్తాడు, చొక్కా సర్దుకుంటాడు, మళ్ళీ చూస్తాడు. చివరికి ఆ నాయన గ్లాసు ఠక్కున కింద పెట్టి కండువా దులిపి భుజాన వేసుకొని లేచాడు.

"ఏమప్పా, మావాడు నీ కంటికి ఆనలేదా? వచ్చినోళ్ళందర్నీ అడిగినావంట, మావాన్ని మాత్రం ఒక్క మాట అడగకుంటివే? నెల్లాళ్ళుగా కర్నూల్లో పుస్తకం కొనుక్కోని చదువుతాండాడు. అడగనీకి గూడా పనికిరాడా మావాడు?"

మా నాయన పరిస్థితి చూడాలి. నోటినిండా ఆకు, నెత్తిన ఒట్టు, కళ్ళలో నీళ్ళు. నెల్లాళ్ళు చదివి వచ్చిన మనిషి ఎదురుగా కూర్చొని ఉంటే అడగలేకపోవడం ఆయనకు ఎంత నరకమో నాకు తెలుసు. అమ్మ వైపు చూశాడు. ఆమెకు ఒట్టు తీసి గట్టున పెట్టమనడానికి ధైర్యం చాలలేదు. పెళ్ళికొడుకు కూడా లేచి నిలబడ్డాడు. ఒక చెప్పు వేసుకున్నాడు, ఇంకోటి వెతుక్కుంటున్నాడు. నాకు కోపమొచ్చింది. ఎవరి మీదని చెప్పను? నాయన మీద, అమ్మ మీద, ఆ పిల్లవాడి మీద, లోకం మీద. పరదా పక్కకు లాగి గడప దాకా వచ్చేశాను.

"బట్టమేక పిట్ట ఒక తడవకు ఎన్ని గుడ్లు పెడతాదో చెప్పి పో!"

నా గొంతు అంత గట్టిగా ఉంటుందని నాకే తెలియదు. పెళ్ళిచూపుల్లో తల వంచుకొని కూర్చోవాల్సిన పిల్ల గడపలో నిలబడి గుడ్ల లెక్క అడిగితే ఎట్లా ఉంటుందో ఊహించుకోండి. ఆ పిల్లవాడు ఒక కాలికి చెప్పుతో నిలబడి పైకి చూశాడు, కిందికి చూశాడు, చదివిన పుస్తకమంతా తలలో తిరగేసినట్టున్నాడు. తర్వాత నా ముఖంలోకి చూసి చెప్పాడు.

"తెలీదు. ఆ పిట్టనే నేను చూడలేదు. ఈడికి దగ్గరేనంట గదా, పోయి చూడొచ్చునా?"

నాయన అడగనని ఒట్టు వేశాడు కానీ జవాబు చెప్పనని వేయలేదు కదా. మా నాయన పరుగెత్తుకెళ్ళి వీధిలో ఆకు ఉమ్మేసి వచ్చి, ఆ పిల్లవాడి రెండు చేతులూ పట్టుకున్నాడు. "నాకూ తెలీదప్పా! నాకూ తెలీదు!" అంటూ పొట్లాల కాగితాల సంగతి, ఏడో పేజీ సంగతి ఏకరువు పెట్టాడు. పెళ్ళికొడుకు నాయన నోరు తెరుచుకొని విన్నాడు. తెలీకుండానే అందర్నీ అడుగుతాండావా, దీనికా మావాడు నెల్లాళ్ళు నిద్ర చెడగొట్టుకునింది అని గొణుగుతూనే మళ్ళీ చాప మీద కూర్చొని ఇంకో కాఫీ అడిగాడు. అట్లా నా పెళ్ళి కుదిరింది. చూశారా, ఇద్దరికీ తెలియకపోవడం వల్ల కుదిరిన పెళ్ళి మాది. అందులో నా వంతు ఏమన్నా ఉందా అంటే, అరవడం.

పెళ్ళయిన కొత్తలో ఆషాఢం వచ్చింది. నేను పుట్టింటికి వచ్చాను. ఆషాఢంలో అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదని మీకందరికీ తెలిసిందే. మా ఇద్దరు బుద్ధిమంతులూ ఏం చేశారంటే, గడప తొక్కకూడదు కానీ అంగడి మెట్లు ఎక్కకూడదని ఎవరూ చెప్పలేదని తీర్మానించుకున్నారు. తొలివానలు పడ్డ ఒక ఆదివారం మా ఆయన కర్నూలు నుంచి తిన్నగా అంగడి దగ్గర బస్సు దిగాడు. అప్పటికే మా నాయన తయారు. సద్ది తెమ్మని ఇంటికి కబురు పంపాడు. మా అమ్మ ఇద్దరినీ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. తిడుతూనే జొన్నరొట్టెలు కాల్చి, చెనిగ్గింజల ఊరిబిండి పచ్చడి నూరి, మూటకట్టి నా చేతిలో పెట్టి, నువ్వూ పోయి చావు అంది. నా సంతోషం బయటికి కనిపించకుండా ముఖం ముడుచుకొని నడిచాను.

మిడుతూరు దాకా బస్సులో పోయి, అక్కడి నుంచి ఎవరిదో ఎద్దులబండిలో, ఆపైన కాలినడకన బీళ్ళలోకి పోయాం. మోకాళ్ళ ఎత్తు గడ్డి, ఎటు చూసినా ఆకాశం. మధ్యాహ్నం దాకా ఏమీ కనిపించలేదు. నా కాళ్ళకు పల్లేరుకాయలు, తలకు ఎండ. ఈ పిట్టా వద్దు, ఈ కాపురమూ వద్దు అని నేను ఏడుపు ముఖం పెట్టుకొని రొట్టె మూట విప్పుతుంటే మా నాయన నా భుజం నొక్కాడు. దూరంగా, గడ్డి మీదుగా ఒక తెల్లని మెడ కదులుతోంది. గొర్రెపిల్లంత పిట్ట. తల మీద నల్లని టోపీ, గోధుమరంగు వీపు, పొడుగాటి కాళ్ళు. తొందరలేదు, భయంలేదు, సొంత చేను చూసుకోవడానికి వచ్చిన రైతు మాదిరి ఒక్కో అడుగు వేస్తూ, ఆగి చూస్తూ, మళ్ళీ నడుస్తోంది. మేం ముగ్గురం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. అంత అందమైనదాన్ని నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

అది ఒకచోట గడ్డిలోకి వంగి కూర్చుంది. మా ఆయన లేచి చెప్పులు విడిచి, అదిగో మామా, గుడ్లు ఆడనే ఉంటాయి, పాక్కుంటా పోయి చూసొస్తా అని గుసగుసలాడాడు. జీవితమంతా జవాబుల కోసం కారం కాగితాలు ఏరుకున్న మా నాయన అతని పంచె పట్టుకొని వెనక్కి లాగాడు.

"వద్దప్పా. మనం పోతే అది గుడ్లిడ్సిపెట్టి పోతాది. ఎన్ని పెట్టిందో దానికి తెలుసు గదా, చాల్లే."

రొట్టెలు తిని తిరిగి వచ్చాం. ఆ రోజు నుంచి మామా అల్లుళ్ళు ఒక్కటైపోయారు. ఏమీ అడగకుండా మజ్జిగ పోసిన నా మొగుణ్ణి మా నాయన తన దారిలో పెట్టేసుకున్నాడు. ఆదివారమొస్తే కర్నూలు గ్రంథాలయంలో వెతికిన జవాబులు మోసుకొని ఈయన నందికొట్కూరు పోవడం, కొత్త ప్రశ్నలు మోసుకొని రావడం. రీలు లెక్క దొరికింది, హాకీ కర్ర సంగతి దొరికింది, నూటెనిమిదికి కూడా ఏదో దొరికింది. బట్టమేక పిట్ట జోలికి మాత్రం ఇద్దరూ పోలేదు. పోకూడదని ఎప్పుడనుకున్నారో నాకు చెప్పలేదు. మా నాయన పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పటికీ పేపర్లో ఆ పిట్ట పేరు కనిపిస్తే మా ఆయన పేజీ తిప్పేస్తాడు, టీవీలో వస్తే లేచి వెళ్ళిపోతాడు. ప్రపంచంలో ప్రతిదీ ఫోనును అడిగే మనిషి ఆ ఒక్కటీ అడగలేదు.

అందుకే మొన్న ఆదివారం పిల్ల ఫోను తీసుకోగానే ఆయన చెప్పులు వేసుకొని మేడ మీదికి వెళ్ళిపోయాడు. నేను పొయ్యి కట్టేశాను. పిల్ల చదివింది. ఒకటేనంట అవ్వా, తడవకు ఒక్క గుడ్డేనంట. ఆ ఊపులోనే కింది వాక్యం కూడా చదివేసింది. ఒకప్పుడు ఈ బీళ్ళలో బాగా ఉండేవట, ఇప్పుడు ఈ ప్రాంతంలో కనిపించడం లేదట.

చిరాకు ఎంత వచ్చిందో చెప్పలేను. ఇన్నేళ్ళు ఈ ఇంట్లో అందరి ప్రాణాలు తోడిన ప్రశ్నకు ఒక్క మాట జవాబు, అది కూడా నా దోసె ఆరేలోపల వచ్చేసింది. వినాలని కొట్టుకున్న మనిషి లేడు, ఉన్న మనిషి మేడెక్కి కూర్చున్నాడు. ఇక దాన్ని నేనేం చేసుకోను?

కాసేపటికి ఆయన దిగి వచ్చి పీట మీద కూర్చున్నాడు. దోసె వేశాను. సగం తిన్నాక తల ఎత్తకుండా, ఫోను చెప్పిందా అన్నాడు. చెప్పిందన్నాను. నాకు చెప్పొద్దులే అన్నాడు. నేనెందుకు చెబుతానన్నాను. ఇంకో ముక్క తిని మళ్ళీ అడిగాడు.

"శానానా, కొంచెమా? అంతమటుకు చెప్పు."

"కొంచెమే."

చట్నీలో ఇంకో ముక్క అద్దుకున్నాడు. "అయితే ఆ పొద్దు మామ నన్ను పోనీకుండా పట్టుకునింది మంచిదాయె" అన్నాడు. తర్వాత ముఖం విప్పారింది. "పిల్ల ఉండంగానే ఒక ఆదివారం రోళ్ళపాడు పోదాం. దానికీ చూపిద్దాం పిట్టను. ఏమంటావు?"

పిల్ల నోరు తెరిచింది. నేను దాని కాలు తొక్కాను. పోదాంలే అన్నాను.

ఇప్పటి పిల్లలకు జవాబు తెలియని బాధ లేదు, అది మంచిదే. కానీ తెలియక ఒకరి అంగడి మెట్లు ఇంకొకరు ఎక్కడం, కాగితం ముక్క కోసం ఇల్లిల్లూ తిరగడం, ఒక లెక్క కోసం బస్సెక్కి బండెక్కి బీళ్ళలో ఎండకు కూర్చోవడం కూడా ఆ బాధతోపాటే పోయాయి. మా నాయన బతికున్నప్పుడు జవాబు లేదు, పిట్ట ఉంది. మా ఇంట్లో అందరూ అడిగినవాళ్ళే. తెలిసి కూడా చెప్పకుండా దాచుకున్న మొదటి మనిషిని నేనే అయ్యాను, దాని బరువు ఇంత ఉంటుందని అనుకోలేదు.

వచ్చే ఆదివారానికి జొన్నపిండి తెప్పించాను. ఊరిబిండికి చెనిగ్గింజలు వేయించాలి. ఆయన ఆ గడ్డి మీదుగా చెయ్యి అడ్డం పెట్టుకొని చూస్తూ ఉంటాడు, నేను పక్కన కూర్చొని కాళ్ళ పల్లేరుకాయలు తీసుకుంటూ ఎప్పటిలాగే విసుక్కుంటూ ఉంటాను. ఏమే, ఇంకా రాలేదే అని ఆయన అడిగితే మాత్రం, ఎండ తగ్గినాక వస్తుందేమోలే, ఇంకాసేపు చూడు అంటాను.